రాణిని చంపడానికి డిగ్లీపూర్ దాకా

అండమాన్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్టాఫ్‌రూమ్‌లో అందరిదీ ఒకటే గోల, నీలం నీళ్ళ ఫోటోలు చూపించమని. నా ఫోన్లో ఉన్నవన్నీ తేనెటీగల ఫోటోలు. వాటిలోనూ సగం మసక. అవి తీసేవేళకి నా కుడికన్ను వాచి మూసుకుపోయింది. చూపించి నవ్వులపాలు కావడం కంటే కూర్చుని రాయడమే మేలనిపించింది.

నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. అంతకు ముందు పరిశోధన పేరుతో కొన్నేళ్ళు పండు ఈగల్ని పెంచాను. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే. గుడ్లు పెట్టే ఈగ ఎన్నాళ్ళు బతుకుతుంది, పెట్టనిది ఎన్నాళ్ళు బతుకుతుంది, ఈలోగా వాటి ఒంట్లో ఏం పాడవుతుంది అన్నది నా చదువు. అత్తవారింట్లో నన్ను పురుగుల డాక్టరంటారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని, ఇప్పుడు పిలిస్తే పలుకుతున్నాను.

మా ఆయన పిన్ని కొడుకు సింహాచలానికి పోర్ట్ బ్లెయిర్‌లో హార్డ్‌వేర్ కొట్టుంది. ఓ రోజు అతను ఫోన్ చేశాడు.

"వదినా, మా బామ్మర్ది తేనెపెట్టెకి ఏటో అయిపోనాది. నువ్వు పురుగుల డాక్టరువి కదా, ఒకపాలి వచ్చి సూసిపోదూ."

కాలేజీకి సెలవులిచ్చారు. మా ఆయనకు సముద్రమంటే పడదు. ఇంక ఆలోచించేదేముంది, బయల్దేరాను.

మిడిల్ పాయింట్

పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యుడికి తొందరెక్కువ. మన దగ్గర పాలవాడు కూడా లేవని వేళకి ఇక్కడ కిటికీలోంచి ఎండ వచ్చి మొహాన కొడుతుంది. సాయంత్రం టీ తాగి గ్లాసు కడిగేలోగా చీకటి. గడియారం మాత్రం మనదే కావడంతో మొదటి రెండు పూటలూ వేళకాని వేళ ఆకలి వేసింది.

దానికేమీ లోటు రాలేదు. సింహాచలం భార్య, నా తోటికోడలు, ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి పెట్టింది, కూరలో కొబ్బరి కోరు వేసింది, ఆపైన కొబ్బరి నీళ్ళిచ్చింది. ఇక్కడ కొబ్బరి అడక్కుండానే వస్తుంది. టమాటా అడిగినా రాదు. అది చాలా మటుకు ఓడ మీదే రావాలట, ఓడ ఆలస్యమైతే కిలో ధర వింటేనే చెమట పడుతుందట. టమాటా లేని చారు తాగి బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

సింహాచలం కొట్టు మిడిల్ పాయింట్‌లో మేకులు, గొలుసులు, రంగుల డబ్బాలతో కిక్కిరిసి ఉంటుంది. నేను స్టూలు మీద కూర్చుని ఉండగా ఒకాయన వచ్చి, "భయ్యా, జంగ్ కీ దవా దో" అన్నాడు. నాకొచ్చిన హిందీకి జంగ్ అంటే యుద్ధం. యుద్ధానికి మందేమిటా అని ఆయన వంక భయంగా చూశాను. సింహాచలం ఎర్రరంగు డబ్బా ఒకటి తీసిచ్చాడు.

"ఎవరితో యుద్ధం?" అన్నాను ఆయన వెళ్ళాక.

సింహాచలం బల్ల చరిచి మరీ నవ్వాడు. "తుప్పు వదినా! ఇక్కడోళ్ళు తుప్పుని కూడా జంగ్ అనే అంతారు. ఉప్పుగాలి కదా, కొన్న తాళం కొన్నట్టే తుప్పట్టేస్తాది. నా కొట్టు నడిసేదే ఆ జంగ్ మీద."

తేనెపెట్టె సంగతి అప్పుడు చెప్పాడు. అతని బావమరిది పేరు ఎల్లాజీ. వాళ్ళ తాత భీమిలి వైపు నుంచి వలలతో వచ్చి డిగ్లీపూర్‌లో దిగినవాడు. ఎల్లాజీ కూడా బోటు మీద వేటకు పోయేవాడే. పెళ్ళయ్యాక భార్య రత్నం, "నువ్వు నెలలో సగం రోజులు నీళ్ళ మీదుంటే నాకెందుకీ సంసారం" అని పట్టుబట్టి, అతన్ని తేనెటీగల శిక్షణకు పంపింది. పెట్టెలు బాగానే ఆడాయి. కిందటి వానలకు ఒకటి తప్ప మిగతావన్నీ ఖాళీ అయ్యాయి. ఇప్పుడు ఆ ఒక్కటీ నీరసించింది. అటు బోటు యజమాని మనుషులు చాలక రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"ఆ పెట్టె పోతే ఆడు బోటెక్కేస్తాడు వదినా. రత్నానికి నెలలు నిండుతున్నాయి. బోటు తిరిగొచ్చేసరికి పురుడు అయిపోద్ది. ఆ పిల్ల రోజూ ఏడుస్తంది," అన్నాడు సింహాచలం. కొట్టులో కూర్చున్నాక అతను నవ్వకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

చాతం జెట్టీ

సాయంత్రం నన్ను ఊరు చూపిస్తానని చాతం తీసుకెళ్ళాడు. పాత రంపపు మిల్లు దాటితే జెట్టీ. అక్కడ ఫెర్రీ ఎక్కి బంబూఫ్లాట్ వెళ్ళాం, టీ తాగి మళ్ళీ అదే ఫెర్రీలో వచ్చాం. పనేమీ లేకుండా పడవెక్కడం ఎంత హాయిగా ఉంటుందో విజయనగరంలో కూర్చుని ఊహించలేం. అంచున కూర్చుని కాళ్ళాడిస్తుంటే ఒక చెప్పు నీళ్ళలో పడిపోయింది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని దిగాను.

తిరుగుదారిలో సింహాచలం అడిగాడు. "గుడ్లు పెడితే ఈగ తొందరగా సస్తాదని అప్పుడెప్పుడో సెప్పినావు. ఎందుకు వదినా?"

ఫెర్రీ గోడ మీద రంగు పెచ్చులూడి ఎర్రగా తుప్పు కనిపిస్తోంది. అది చూపించాను. ఇనుముని తినేది గాలిలోని ఆక్సిజనే. మనమూ పురుగులూ బతికేది కూడా దాంతోనే. తిన్నది శక్తిగా మారేటప్పుడు ఆ ఆక్సిజన్‌లో కొంచెం దారితప్పి కణాల్ని కొరుకుతుంది. ఒళ్ళు ఎప్పటికప్పుడు దాన్ని తుడుచుకుంటూ, పాడైనచోట అతుకు వేసుకుంటూ ఉంటుంది. వయసయ్యేకొద్దీ కొరుకుడు పెరుగుతుంది, తుడుపు తగ్గుతుంది. గుడ్లు తయారుచేయడం పెద్ద ఖర్చు. ఆ ఖర్చులో పడ్డ ఈగకు తుడుచుకోవడానికి తక్కువ మిగులుతుందని ఈ పరిశోధన చేసే మావాళ్ళ అనుమానం. నా సీసాల్లో మగవాటితో కలవని ఆడ ఈగలు నిక్షేపంగా తిరుగుతుంటే, గుడ్లు పెట్టినవి ముందే రాలిపోయేవి. అయితే అన్ని పురుగులూ ఈ లెక్కకు లొంగవని కూడా చెప్పాను.

సింహాచలం ఆ తుప్పుని గోటితో గీకాడు. "అంటే ఇంటికి రంగేయించడానికి దాసుకున్న డబ్బులెట్టి పిల్ల పెళ్ళి సేసేసినట్టు. పెళ్ళయిపోనాది, ఇల్లు తుప్పట్టిపోనాది."

నేను పదేళ్ళు పాఠం చెప్పినా ఇంత తొందరగా ఎవరికీ ఎక్కించలేదు. ఈ మాట మా క్లాసులో వాడుకుంటానని అనుమతి తీసుకున్నాను.

రంగత్ దారిలో

డిగ్లీపూర్ బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది. అడవి దారంతా మలుపులే. మధ్యలో బస్సు బస్సంతా పంటు మీదకెక్కి నీళ్ళు దాటింది. మనుషులం దిగి దాని పక్కనే నిలబడ్డాం. గోదావరి మీద పంటు ఎక్కిన మా అమ్మ చెప్పే మాటలు గుర్తొచ్చి ముచ్చటేసింది. ఆ ముచ్చట మళ్ళీ బస్సెక్కిన కాసేపటికే తీరింది. పొద్దున తిన్న పూరీలన్నీ కిటికీలోంచి అడవి పాలయ్యాయి.

పక్క సీటులో ఉన్న పెద్దావిడ నా నుదురు పట్టుకుంది. తాతల కాలంలో రాంచీ వైపు నుంచి చెట్లు నరకడానికి వచ్చిన కుటుంబమట. సంచిలోంచి ఉప్పు వేసిన పచ్చి మామిడి ముక్క తీసి నా నోట్లో పెట్టింది, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"బచ్చే కిత్నే హై, దీదీ?"

పిల్లలు లేరన్నాను. ఈ ప్రశ్న నన్ను మన ఊళ్ళో కూడా బస్సుల్లో అడుగుతారు. అడిగాక అయ్యో అంటారు, మొక్కులు చెబుతారు. ఈవిడ అయ్యో అనలేదు. తనకు ఆరుగురని వేళ్ళు చూపించి, పెద్దగా నవ్వి, "ఆప్ ఆరామ్ మే హో" అంది. సుఖంగా ఉన్నారు మీరు అని. అవును, సుఖంగానే ఉన్నాను. అయ్యో అనకుండా ఆ మాటన్న మనిషి దొరికినందుకు నాకు చాలా సంతోషమేసింది. ఆరుగుర్ని కన్న ఆవిడ రంగత్‌లో బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని చకచకా దిగిపోయింది. ఒక్కరినీ కనని నేను సీటు పట్టుకుని వణుకుతూ దిగాను. నా ఈగల లెక్క ఆవిడకు తెలియకపోవడమే మంచిదైంది.

రంగత్‌లో మధ్యాహ్న భోజనం. మన కోనెం చేపని ఇక్కడ సుర్మయి అంటారు. ఆవపిండి వేసి బెంగాలీవాళ్ళు వండిన పులుసు. మనం చింతపండు పులుసులో ముంచి తేలుస్తాం కాబట్టి ముందు చప్పగా అనిపించింది. రెండో ముద్దకి ఆవఘాటు ముక్కుకెక్కి, కడుపులో తిప్పుడు కూడా తగ్గింది. మళ్ళీ వడ్డించమన్నాను.

డిగ్లీపూర్

బస్టాండుకి ఎల్లాజీ వచ్చాడు. సన్నగా, ఎండకు కమిలి, మాట్లాడితే సిగ్గుపడే కుర్రాడు. వరసకి నేను అతనికి అక్కనవుతాను. దారి పొడవునా వరిచేలు, కూరగాయల మళ్ళు చూస్తే సముద్రం మధ్యలో ఉన్నామన్న ధ్యాసే ఉండదు. వాళ్ళ ఇల్లు పోక, కొబ్బరి చెట్ల మధ్య ఉంది. ఏరియల్ బే రేవు అక్కణ్ణుంచి దగ్గరే, బోట్ల ఇంజన్ల చప్పుడు వినిపిస్తుంది. రత్నం ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఎల్లాజీ వైపు చూడటం వెళ్ళిన గంటలోనే గమనించాను.

పెరట్లో ఓ వింత చూశాను. ఎల్లాజీ రాలిన కొబ్బరికాయలు ఏరి, వాటిని మోసుకుని పక్కింటికి వెళ్ళాడు. పక్కింటి బెంగాలీ ముసలావిడ కత్తి తీసుకుని అన్నీ కొట్టిచ్చింది. ఆమెను వీళ్ళు మాసీ అంటారు. చెట్టుకింద ఉంటూ కాయ కొట్టించుకోవడానికి పొరుగింటికి పోవడమేమిటని అడిగాను.

"రత్నం ఒట్టిమనిషి కాదు కదక్కా," అన్నాడు ఎల్లాజీ. "ఇంట్లో అలాగున్నప్పుడు మగోడు కొబ్బరికాయ కొట్టకూడదు. పాముని సంపకూడదు. ఏ పేణాన్నీ తియ్యకూడదు. సేపలూ పీతలూ అంటే కూడు కాబట్టి ఆటికి పట్టింపు లేదంట. మా అమ్మ గట్టిగా సెప్పినాది."

మన ఊళ్ళో కూడా ఈ పట్టింపు ఉంది. కానీ మనకు కాయ కొట్టే పని పండక్కో గుడికో వస్తుంది, ఇక్కడ పూటపూటకీ వస్తుంది. పాపం మాసీ.

అన్నాలయ్యాక అసలు విషయం బయటపడింది. ఎల్లాజీ నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

"అక్కా, పెట్టెలో రాణి బుడ్డీ అయిపోనాది. పిల్లల గదుల మూతలు ఉబ్బుగా వస్తన్నాయి, మత్లబ్ అన్నీ మగవే. శిక్షణలో సెప్పినారు, ముసిల్దాన్ని సంపేసి కొత్త రాణిని పెట్టమని. ఇక్కడే పక్కన కాలీఘాట్‌లో మా దోస్త్ ఉన్నాడు, రేపు కొత్త రాణిని తెస్తాడు. లేకిన్ నేను సంపకూడదు కదా. మాసీ వైష్ణవం పుచ్చుకున్నాది, సీమని కూడా తొక్కదు. మీరైతే ల్యాబ్‌లో సానా సంపుంటారు..."

ఆ చివరి మాట అతను గౌరవంగానే అన్నాడు. నేను సముద్రం దాటి, కొండలు దాటి, పూరీలు పోగొట్టుకుని వచ్చింది వైద్యానికని అనుకున్నాను. వీళ్ళకు కావలసింది తలారి. సింహాచలం తెలివిగా ఆ ముక్క నాకు చెప్పలేదు.

అతను చెప్పింది తప్పు కాదు. రాణి ఈగ చిన్నప్పుడు ఎగిరి మగవాటిని కలిసి, వాటి బీజాన్ని కడుపులో ఒక సంచిలో దాచుకుంటుంది. జీవితమంతా ఆ నిల్వతోనే సరి. నిల్వ అయిపోతే ఆమె పెట్టే గుడ్లలోంచి మగవే పుడతాయి. మగవి పనిచేయవు, కూర్చుని తింటాయి. ఇల్లు కూలిపోతుంది. సరేనన్నాను.

వంటింట్లో గిన్నెలు సర్దుతూ రత్నం నన్ను పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, నిజం సెప్పండి. పిల్లల్ని కంటే లోపల జంగ్ పట్టేస్తాదా? సింహాచలం అన్నయ్య ఫోన్లో అదేటో రంగు డబ్బులూ పెళ్ళీ అని సెప్పినాడు."

సింహాచలాన్ని మనసులో నాలుగు తిట్టాను. రత్నాన్ని కూర్చోబెట్టి, నేను చెప్పింది సీసాలో ఈగల సంగతని, మనిషి ఈగ కాదని చెప్పి, డాక్టరమ్మ ఏమన్నారని అడిగాను. అంతా బాగుందన్నారట. "అయితే ఆవిడ మాటే విను, నా మాట కాదు," అన్నాను. తర్వాత రాణి గురించి చెప్పాను. మావాళ్ళ లెక్కను తలకిందులు చేసింది ఆ రాణే. పనిచేసే ఆడ ఈగలు గుడ్లు పెట్టవు, పూలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కొన్ని వారాలకే రెక్కలరిగి పోతాయి. రోజూ వందల గుడ్లు పెట్టే రాణి ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఆమె బయటికి పోయి అలసిపోదు, ఇల్లంతా కలిసి ఆమెకు తినిపిస్తుంది. గుడ్డులో పచ్చసొనకు పనికొచ్చే పదార్థమే ఆమె ఒంటిని ఆ తుప్పు నుంచి కాస్తుంది కూడా.

రత్నం శ్రద్ధగా విని, "ఇంత మంది పెట్టి పోసుకున్న మడిసిని రేపు మీరు సంపేస్తారా?" అంది.

పెట్టె నిలబడాలనీ, రాణి చావకూడదనీ రెండూ కావాలంటే ఎలా అన్నాను.

"పెట్టె పోతే ఈయన బోటెక్కుతాడు. అది నాకు తెల్సు," అంది రత్నం. "రేపు మధ్యాన్నానికి బోటోడికి జవాబు సెప్పాల. అయినా గానీ, పురిటింట్లో ఓ తల్లిని సంపి నా మొగుణ్ణి ఇంట్లో ఉంచుకుంతే నాకు మంచిగనిపించదు వదినా."

పెట్టె దగ్గర

మర్నాడు పొద్దున్న కొబ్బరి పీచు పొగ పెట్టి, వల టోపీ తగిలించుకుని పెట్టె ముందు నిలబడ్డాను. ఎల్లాజీ పొగ ఊదుతున్నాడు. రత్నం వద్దన్నా వినకుండా గుమ్మంలో కుర్చీ వేసుకుంది. మాసీ తన కంచె అవతల జపమాలతో నిలబడి నా పాపాన్ని ముందుగానే కడిగేస్తోంది.

మూత తీశాను. మొదటి ఫ్రేములోనే ఎల్లాజీ చెప్పింది కనబడింది. ఉబ్బు మూతలు, మధ్యమధ్య ఖాళీ గదులు. మూడో ఫ్రేము మీద ముసలి రాణి దొరికింది. ఒంటి మీది నూగంతా రాలిపోయి నున్నగా మెరుస్తోంది. ఒక రెక్క అంచు చిరిగింది. చుట్టూ ఆడ ఈగలు ఆమె వైపే తిరిగి తినిపిస్తున్నాయి. ల్యాబులో నేను చంపిన ఈగలకు లెక్క లేదు, ఎప్పుడూ దేన్నీ రెండోసారి చూడలేదు. ఇప్పుడు రెండు వేళ్ళతో ఆమెను పట్టుకుని ఆ చిరిగిన రెక్కనే చూస్తున్నాను. అదను చూసుకుని టోపీలోకి దూరిన ఈగ ఒకటి నా కుడి రెప్ప మీద కుట్టింది. అమ్మో అని వేళ్ళు వదిలేశాను. కుట్టిన ఈగ చచ్చింది, రాణి నడుచుకుంటూ పోయింది.

"సూసినారా!" అంది రత్నం గుమ్మంలోంచి.

కన్ను నీళ్ళు కారుతుండగా రాణి ఎటు పోయిందా అని పక్క ఫ్రేము పైకి తీశాను. దాని అడుగు అంచున వేరుశనక్కాయ లాంటి గది ఒకటి వేలాడుతోంది. కొన చక్కగా గుండ్రంగా కోసి, మూత తెరిచి ఉంది. రాణి పుట్టే గది. అందులోంచి ఎవరో ఎప్పుడో బయటికొచ్చారు.

"ఎల్లాజీ, ఈ పెట్టె తెరిచి ఎన్నాళ్ళయింది?"

అతను తల గోక్కున్నాడు. "నెల దాటినాదక్కా. ఆ ఉబ్బు మూతలు అప్పుడు సూసినవే. తీసినప్పుడల్లా ఫ్రేము కింద రెండు మూడు నలిగి సచ్చిపోతాయి కదా. ఇంట్లో ఈలాగుంటే... బస్, భయమేసి ముట్టుకోలేదు."

"అంతకు ముందు ఇలాంటి గది కనిపిస్తే ఏం చేసేవాడివి?"

"కోసేసేవోణ్ణి. అలాగే నేర్పినారు. లేపోతే కొత్త రాణి పుట్టి, సగం ఈగలు ఇంకో సోటికి లేచిపోతాయంట."

ఫ్రేము వెలుగుకు తిప్పి, బాగున్న కంటితో వెతికాను. ఒత్తయిన నూగుతో, కొత్తగా, పొడుగ్గా ఇంకో రాణి. ఒక గదిలో తొంగి చూసి, వెనక్కి తిరిగి, పొట్ట లోపలికి దించింది. ఆమె కదిలాక ఆ గది అడుగున బియ్యపు నూక కంటే సన్నగా ఒక్క గుడ్డు నిలబడి ఉంది. చుట్టూ గదిగదికీ అలాగే ఒక్కొక్కటి. పిల్లలున్న కొన్ని గదులకు మూతలు పడి ఉన్నాయి. ఆ మూతలు ఉబ్బి లేవు, చదునుగా ఉన్నాయి. ఆడవి. పనివాళ్ళు.

ఎల్లాజీని పిలిచి రెండు ఫ్రేములూ చూపించాను. తల్లి ఇటు, కూతురు అటు. మామూలుగా రెండు రాణులు ఒక ఇంట పొసగవు. తల్లి ముసలిదై, కూతుర్ని ఇంట్లోవాళ్ళే పెంచుకున్నప్పుడు మాత్రం అప్పుడప్పుడూ కొన్నాళ్ళు ఇద్దరూ పక్కపక్కనే గుడ్లు పెట్టుకుంటారు. పుస్తకాల్లో చదివాను, కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. కళ్ళతో అనకూడదు, కంటితో. అతను శ్రద్ధగా పెట్టె తెరిచి ఉంటే ఆ గదిని కోసిపారేసేవాడు. భయపడి ముట్టుకోకపోవడం వల్ల పెట్టె బతికింది. చదువుకున్నదాన్ని కాబట్టి అందులో కొంత అదృష్టం కూడా ఉందని చెప్పాను. ఎల్లాజీ అదేమీ వినిపించుకోలేదు. ఫ్రేము పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నాడు.

"మరి ముసిల్ది?" అంది రత్నం.

"ఉన్నన్నాళ్ళు ఉంటుంది. తర్వాత తనంతట తనే పోతుంది. మనం చెయ్యి పెట్టక్కర్లేదు."

రత్నం కుర్చీలోంచి లేచి, పెట్టెకు దూరంగానే నిలబడి దండం పెట్టింది. కాలీఘాట్ దోస్తుకి రావద్దని ఫోన్ వెళ్ళింది. మాసీ జపమాల సంచిలో పెట్టేసి, నా కంటికి సున్నం తెచ్చి రాసింది. వాపు తగ్గలేదు కానీ చల్లగా ఉంది.

మధ్యాహ్నం రత్నం పీతల కూర వండింది. నేనూ ఎల్లాజీ పీటల మీద కూర్చున్నాం, ఆమె పొయ్యి దగ్గర ఉంది. మొదటి ముద్ద కలుపుతుండగా అతని ఫోన్ మోగింది. బోటు యజమాని. రత్నం గరిటె ఆగిపోయింది. ఎల్లాజీ ఎడమచేత్తో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"నహీ భయ్యా, ఇస్ బార్ నహీ. నేను రాలేను." అవతలివాడు ఏదో గట్టిగా అడిగాడు. ఎల్లాజీ నా వైపు చూసి నవ్వాడు. "ఎందుకంటే... ఘర్ మే దో రానీ హై, భయ్యా. వాళ్ళని వొదిలి ఎలాగొస్తాను?"

రత్నం వెనక్కి తిరక్కుండానే, కూర కలుపుతూ, "దో కాదు," అంది. "తీన్ అని సెప్పు."

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు.

"సారీ భయ్యా," అన్నాడు. "తీన్."